రెండో శాంతి

దర్భపోచలు మూడువందల అరవై ఉండాలన్నాడు తాత.
నాకప్పుడు పదమూడేళ్లు. లెక్క నాది.
మర్స్యాంగ్దీ ఒడ్డున
చలికి కొంకర్లు పోయిన వేళ్లతో
తలకు నలభై, మెడకు పది, రొమ్ముకు ఇరవై
పేర్చుకుంటూ పోయాను
ఒక మనిషిని.

ఆ మనిషి దిల్లీరామ్ బస్నెత్.
పదకొండేళ్ల కిందట
మొక్కజొన్న కంకులు చూరుకు కడుతుంటే
నిచ్చెన దిగమన్నారట.
ఎవరు?
టార్చిలైటు వెనక ముఖాలుండవు.
ఇంకో మూడు కంకులున్నాయి, కట్టేసి వస్తానన్నాడట.

తర్వాత యుద్ధం ఆగింది.
శాంతి వచ్చిందని రేడియో చెప్పింది.
బేసిసహర్‌లో దాని పేరనే ఒక ఆఫీసు, ఒక బల్ల, ఒక గుమాస్తా.
హరికల నాలుగుసార్లు కొండ దిగి వెళ్లింది.
తీసుకుపోయారు అని రాయడానికి
ఆ కాగితంలో గడి లేదు.
పోయాడు అని రాయడానికే ఉంది.
నాలుగుసార్లూ ఖాళీ కాగితం మడిచి
రవికలో పెట్టుకుని కొండెక్కింది.

ఇంట్లో దూడలు నిలవడం లేదు.
మరిది జ్యోతిష్కుణ్ణి అడిగాడు.
శాంతి చేయించండి, అన్నాడాయన.
అలా వచ్చాం నది దగ్గరికి
గడ్డితో.

చేతుల దాకా వచ్చాను.
అంతవరకూ రాయిలా కూర్చున్న హరికల
ఒక్కసారి ముందుకు వంగి,
"ఎడమ చేతికి చిటికెన వేలు లేదు ఆయనకి.
రంపం మిల్లులో పోయింది" అంది.
తాత మంత్రం ఆపాడు.
నా వంక చూశాడు.
ఒక పోచ తీసేశాను.
దాన్నేం చెయ్యాలో తెలియక చెవి మీద పెట్టుకున్నాను.

ఖేమరాజ్ నా క్లాసే. తండ్రి ముఖం ఎరగడు.
తలగా పెట్టిన కొబ్బరికాయకేసి చాలాసేపు చూసి
నిప్పంటించాడు.
గడ్డి ఎంతసేపు కాలుతుంది?
మేం కళ్లు తుడుచుకునే లోపే మనిషి అయిపోయాడు.
కొబ్బరికాయ ఒక్కటే
చిటపటమంటూ కాసేపు ఒప్పుకోలేదు.

అప్పుడు తాత ఆమెకు చెప్పాడు,
చిన్నపిల్లకి చెప్పినట్టు:
"మూడుసార్లు అనాలమ్మా.
ఒకటి, పైనుంచి పడేవాటికి: పిడుగు, వరద, కొండచరియ.
రెండోది, తోటి ప్రాణులు పెట్టే బాధకి: పులి, పాము, మనిషి.
మూడోది, మన లోపల మనమే రాజేసుకునేదానికి."

ఓం శాంతిః, అన్నాడు తాత.
శాంతిః, అంది హరికల.
ఏ వరద మీదా ఆమెకు కోపం లేదు.

శాంతిః.

నది మోగుతోంది.
అవతలి ఒడ్డున ఎవరిదో గాడిద గంట.
"అనమ్మా."
ఆమె బూడిద వంక చూస్తూ ఉంది.
మరిది దగ్గాడు.
"అది నేనొక్కదాన్నీ అనేది కాదు బాజే,
ఎక్కడ పెట్టారో చెప్పమనండి.
చెప్పిన రోజు అంటాను.
వాళ్లు ఇటువైపు నిలబడి అననీ,
నేను అటువైపు."
గొంతు పెంచలేదు. ఎసట్లో బియ్యం ఎన్ని పొయ్యాలో
చెప్పినట్టు చెప్పింది.

తాత డెబ్భై ఏళ్ల పురోహితుడు.
తడబడ్డ శిష్యుల్ని ఆ నోటితోనే ఎండగట్టినవాడు.
పెదవి కదిపాడు, మళ్లీ మూశాడు.
ఒడ్డున ఉన్న మేమందరం
రెండోదాని పక్కనుంచి నడిచి
మూడోదానికి వెళ్లాం.
మూడోది ఆమె అంది.
అందరికన్నా గట్టిగా అంది.

స్నానానికి దిగినప్పుడు
చెవి మీది పోచ నీళ్లలో ఎప్పుడు జారిందో తెలియదు.
ఒక వేలు మాత్రం మర్స్యాంగ్దీలో అలా వెళ్లింది
కాలకుండా.

తాత లేడిప్పుడు. ఆయన గంట నా చేతికొచ్చింది.
పెళ్లిళ్లలో, కొత్త ఇళ్లలో,
బిడ్డకి పేరు పెట్టే పదకొండో రోజున
మొదటి శాంతి అన్నాక
ఒక్క క్షణం ఆగుతాను.
ఊపిరి పీల్చుకుంటున్నాననుకుంటారు.
పెళ్లికొడుకులు గడియారం చూసుకుంటారు.

మొన్న హరికల వాకిట్లోంచి వెళ్లాను.
చూరుకు కంకులు కడుతోంది, నిచ్చెన మీద.
పలకరిస్తే తల తిప్పకుండానే,
"ఇంకో మూడున్నాయి, కూర్చో" అంది.
కూర్చున్నాను.